షెర్మన్ ట్యాంకు ఇంజన్‌కి టైమింగ్ పెట్టడం ఎందుకంత పెద్ద పని?

పాత ట్యాంకుల్ని మళ్లీ స్టార్ట్ చేసే వీడియోలు ఈ మధ్య బాగా తిరుగుతున్నాయి. ఒక షెర్మన్ ట్యాంకు వెనకాల ఇద్దరు నిలబడి, చెరకు గానుగ తిప్పినట్టు పొడుగాటి హ్యాండిల్ పట్టుకుని తిప్పుతూ ఉంటారు. ఎంత తిప్పినా ఇంజన్ అందుకోదు. కాసేపటికి హ్యాండిల్ తీసేస్తారు. లోపల కూర్చున్న మనిషి స్విచ్చి నొక్కుతాడు. ఒక సిలిండరు దగ్గుతుంది, ఇంకోటి అందుకుంటుంది, వెనక నుంచి నీలం పొగ దట్టంగా కమ్ముకుంటుంది. అరనిమిషంలో పొగ విడిపోయి గర్జన ఒక లయలో పడుతుంది.

చూసినవాళ్లకి సహజంగా కొన్ని సందేహాలు వస్తాయి. అంతసేపు చేత్తో తిప్పడం దేనికి? ఆ పొగేమిటి? ఇంజన్ విప్పి, కడిగి, కొత్త రింగులు వేశాక కూడా “టైమింగ్ కుదర్లేదు” అని, అంటే నిప్పు, వాల్వులు సరైన క్షణానికి అందుకోవట్లేదని, వారాల తరబడి ఎందుకు కుస్తీ పడతారు? బైకుకైతే ఊళ్లో మెకానిక్ పావుగంటలో టైమింగ్ పెట్టేస్తాడు కదా!

ఈ మూడు ప్రశ్నలకీ జవాబు ఆ ఇంజన్ ఆకారంలోనే ఉంది.

ముందు తేలాల్సింది: ఏ షెర్మన్?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కర్మాగారాలు సుమారు 49 వేల షెర్మన్ ట్యాంకులు తయారుచేశాయి. అన్నింటి పేరూ షెర్మనే అయినా లోపలి ఇంజన్ ఒకటి కాదు. ఎం4, ఎం4ఏ1 రకాల్లో విమానం నుంచి వచ్చిన తొమ్మిది సిలిండర్ల రేడియల్ ఇంజన్ ఉంటుంది. ఎం4ఏ2లో జనరల్ మోటార్స్ డీజిల్ ఇంజన్లు రెండు జంటగా ఉంటాయి. ఎం4ఏ3లో ఫోర్డ్ వాళ్ల ఎనిమిది సిలిండర్ల వీ ఇంజన్. ఎం4ఏ4లో క్రైస్లర్ సంస్థ ఆరు సిలిండర్ల కారు ఇంజన్లు అయిదింటిని ఒకే ఇరుసు చుట్టూ కట్టి 30 సిలిండర్ల యంత్రం చేసింది. దాన్ని ఇరికించడానికి ట్యాంకు పొడుగే పెంచాల్సి వచ్చింది.

కాబట్టి “షెర్మన్ టైమింగ్ ఎన్ని డిగ్రీలు?” అని అడిగితే జవాబు ఉండదు. డీజిల్ రకంలో అసలు ప్లగ్గే లేదు. అక్కడ టైమింగ్ అంటే ఇంధనం చిమ్మే క్షణం. క్రైస్లర్ రకంలో ఒక్కటి కాదు, అయిదు టైమింగులు పెట్టాలి.

ఈ ట్యాంకు మనకి మరీ పరాయిది కూడా కాదు. 1790లో హైదరాబాదు నిజాం కొలువులో మొదలైన అశ్వదళం కాలక్రమంలో డెక్కన్ హార్స్ రెజిమెంటయింది. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని అడ్డుకున్న దళాల్లో ఆ రెజిమెంటు ఉంది. అప్పటికి అందరూ పాతబడిపోయాయనుకుంటున్న షెర్మన్లతోనే అది నిలబడి పోరాడింది.

ఇక్కడ మనం చూడబోయేది రేడియల్ ఇంజన్ని. పేరు ఆర్-975. రైట్ ఏరోనాటికల్ సంస్థ విమానాల కోసం చేసిన ‘వర్ల్‌విండ్’ కుటుంబంలోది. ట్యాంకుకి సరిపడే బలమైన ఇంజన్ అమెరికా దగ్గర అప్పటికి సిద్ధంగా లేక, విమానపు ఇంజన్నే తెచ్చి ట్యాంకులో పెట్టారు. కాంటినెంటల్ మోటార్స్ లైసెన్సు తీసుకుని 50 వేలకు పైగా తయారుచేసింది. సిలిండరు వెడల్పు 127 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 139.7 మిల్లీమీటర్లు. తొమ్మిదీ కలిపితే 15.9 లీటర్లు. ఒక్కో సిలిండరులో అయిదు బుల్లెట్ 350 బైకుల ఇంజన్లు పడతాయన్నమాట. తొలి ట్యాంకు రకం 2400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 400 హార్స్‌పవర్ ఇచ్చేది.

సిలిండర్లు వరుసలో ఉండవు. బండి చక్రానికి ఆకుల్లా, మధ్యలో ఉన్న క్రాంక్ (పిస్టన్ల నెట్టుడుని తిరుగుడుగా మార్చే ఇరుసు) చుట్టూ పరుచుకుని ఉంటాయి. షెర్మన్ అంత ఎత్తుగా కనబడటానికి ఒక కారణం నిలువుగా కూర్చున్న ఈ చక్రమే.

హ్యాండిల్ తిప్పేది స్టార్ట్ చేయడానికి కాదు

చక్రంలో పైన ఉన్న సిలిండర్ల తల ఆకాశంవైపు ఉంటుంది, కింద ఉన్నవాటి తల నేలవైపు. ఇంజన్ ఆగాక క్రాంక్ గదిలో మిగిలిన ఆయిలు మెల్లగా జారి, పిస్టన్ రింగుల సందుల్లోంచి కింది సిలిండర్లలోకి దిగుతుంది. అలా దిగిన ఆయిలు పిస్టన్‌కీ సిలిండరు తలకీ మధ్య నిలుస్తుంది.

దీంతో ఏమవుతుందో లెక్క వేద్దాం. ఒక సిలిండరు ఘనపరిమాణం సుమారు 1770 మిల్లీలీటర్లు. కంప్రెషన్ నిష్పత్తి, అంటే లోపలి మిశ్రమం ఎన్నో వంతుకి నలుగుతుందో చెప్పే అంకె, 5.7. అంటే పిస్టన్ పూర్తిగా తలవైపు వచ్చినప్పుడు మిగిలే జాగా 1770ని 4.7తో భాగిస్తే వచ్చేది, దాదాపు 377 మిల్లీలీటర్లు. మూడు నాలుగు టీ గ్లాసులంత. అంతకుమించి ఆయిలు చేరి, వాల్వులు రెండూ మూసుకుని ఉంటే పిస్టన్ ముందుకి కదలలేదు. గాలి నలుగుతుంది, ఆయిలు నలగదు. ఆ స్థితిలో స్టార్టర్ మోటారు నొక్కితే దాని బలానికీ, పేలడం మొదలుపెట్టిన మిగతా సిలిండర్ల బలానికీ, పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

అందుకే ముందు చేత్తో తిప్పుతారు. అడ్డు పడితే మనిషి చేతికి తెలుస్తుంది, ఆగిపోతాడు. స్టార్టర్‌కి ఆ తెలివి లేదు. అడ్డు తగిలితే కింది సిలిండర్ల ప్లగ్గులు విప్పి ఆయిలు కార్చాలి. కొందరు తొందరపడి వెనక్కి తిప్పి అడ్డు తీసేశామనుకుంటారు. అలా చేస్తే ఆయిలు ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి కూర్చుంటుంది, స్టార్ట్ చేయగానే మళ్లీ అదే సిలిండరులోకి వస్తుంది. ఎన్నో మంచి రేడియళ్లు ఇలాగే పాడయ్యాయి.

ఇక నీలం పొగ అంటారా, వంపేశాక కూడా గోడలకి అంటుకుని మిగిలిన ఆయిలు కాలడమే అది. కాసేపట్లో విడిపోతే రోగం కాదు.

టైమింగ్ అంటే ఏ రెండింటి మధ్య?

పాత బుల్లెట్‌కి పాయింట్లు (విడిపోగానే ప్లగ్గుకి నిప్పు అందేలా చేసే చిన్న స్విచ్చి) పెట్టడం చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పిస్టన్ పైకొచ్చేలోపు, కాస్త ముందుగానే ప్లగ్గు నిప్పు ఇవ్వాలి. ఎందుకంటే మిశ్రమం బాంబులా ఒక్కసారిగా పేలదు, గడ్డివాములా ఒక చోట అంటుకుని పాకుతుంది. ఒత్తిడి బాగా పెరిగేసరికి పిస్టన్ పైస్థానం దాటి కిందికి దిగడం మొదలుపెట్టి ఉండాలి. ఈ ‘కాస్త ముందు’ని క్రాంక్ తిరిగే డిగ్రీల్లో కొలుస్తారు.

ఉదాహరణకి 25 డిగ్రీలు ముందు అనుకుందాం. ఇంజన్ 2400 ఆర్‌పీఎంలో ఉంటే ఒక చుట్టుకి 25 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో 25 డిగ్రీలంటే సుమారు 1.7 మిల్లీసెకన్లు. మంట పాకడానికి దొరికే సమయం అంతే. అదే స్టార్ట్ చేసేటప్పుడు ఇంజన్ నిమిషానికి 60 చుట్లే తిరుగుతోందనుకుంటే, ఆ 25 డిగ్రీలకి దాదాపు 70 మిల్లీసెకన్లు పడుతుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట పని ముగించేసి ఎదురుకొడుతుంది. బుల్లెట్ కిక్కర్ కాలిపిక్క మీద కొట్టడం అనుభవమున్న వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. స్టార్టింగ్ కోసం నిప్పుని వెనక్కి జరిపే లేదా అదనపు కాయిల్‌తో బలపరిచే ఏర్పాట్లు ఉండేది ఇందుకే.

నిప్పు మరీ ముందయితే తలలు వేడెక్కుతాయి, మిశ్రమం అదుపు తప్పి పేలి పిస్టన్‌కి చిల్లులు పడతాయి. మరీ ఆలస్యమైతే కాలుతున్న వాయువే సైలెన్సర్‌లోకి పోతుంది, బలం తగ్గుతుంది, ఎగ్జాస్టు వాల్వులు మాడతాయి.

అయితే ఇదంతా నిప్పు గురించే. వాల్వులు తెరుచుకునే క్షణాలకి కూడా టైమింగే అంటారు. రేడియల్ విషయంలో గందరగోళం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ఒకరు నిప్పు పుట్టించే మాగ్నెటో గురించి మాట్లాడుతుంటే రెండోవారు వాల్వుల్ని తెరిచే క్యామ్ గురించి అనుకుంటూ ఉంటారు.

తొమ్మిదే ఎందుకు, ఎనిమిది ఎందుకు కాదు?

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి సిలిండరూ రెండు క్రాంకు చుట్లకి ఒకసారి పేలాలి. రెండు చుట్లంటే 720 డిగ్రీలు. తొమ్మిది సిలిండర్లకి పంచితే 80 డిగ్రీలకి ఒక పేలుడు. సిలిండర్ల మధ్య ఎడం మాత్రం 40 డిగ్రీలే. అంటే క్రాంకు ఒకదాన్ని వదిలి ఒకదాన్ని పేలుస్తూ పోతుంది: 1, 3, 5, 7, 9. తర్వాత 1ని దాటేసి 2, 4, 6, 8. ఆపైన 9ని దాటేసి మళ్లీ 1. ఎక్కడా తడబాటు లేదు, ప్రతి అడుగూ 80 డిగ్రీలే.

ఎనిమిది సిలిండర్లతో చేసి చూడండి. 1, 3, 5, 7, ఆ తర్వాత ఒకటి వదిలితే వచ్చేది మళ్లీ 1. సరి సంఖ్యలకి వంతు రాదు. వాటికోసం ఒకచోట రెండు వదలాలి, ఒకచోట పక్కదాన్నే పట్టుకోవాలి. ఇంజన్ కుంటుతుంది. ఒక వరుస రేడియళ్లలో బేసి సంఖ్యలే కనబడటానికి కారణం ఇదే.

గుబ్బలున్న రింగు, వెనక్కి తిరిగే లెక్క

మామూలు ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ క్రాంకులో సగం వేగంతో తిరుగుతుంది, ప్రతి వాల్వుకీ దాని గుబ్బ దానికే ఉంటుంది. తొమ్మిది సిలిండర్ల రేడియల్‌కి అంత సామగ్రి అక్కర్లేదు. క్రాంకు చుట్టూ ఒక క్యామ్ రింగు, దాని మీద ఇన్‌టేక్ వాల్వులకి ఒక దారి, ఎగ్జాస్టుకి ఒక దారి, ఒక్కో దారిలో నాలుగే గుబ్బలు. ఆ రింగు క్రాంకుకి వ్యతిరేక దిశలో, క్రాంకు వేగంలో ఎనిమిదో వంతుతో తిరుగుతుంది. అయిదు గుబ్బలతో అదే దిశలో పదో వంతు వేగంతో తిప్పే పద్ధతి కూడా ఉంది. తర్కం ఒకటే.

నాలుగు గుబ్బలు తొమ్మిది సిలిండర్లకి ఎలా సరిపోతాయి? గుబ్బల మధ్య దూరం 90 డిగ్రీలు. ఇప్పుడు ఒక గుబ్బ సరిగ్గా ఒకటో సిలిండరు కింద ఉందనుకోండి. దాని తర్వాతి గుబ్బ 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. క్రాంకు 80 డిగ్రీలు ముందుకి తిరిగింది, ఇప్పుడు వంతు మూడో సిలిండరుది. అది ఉన్నది 80 డిగ్రీల దగ్గర. ఈలోపు రింగు 80లో ఎనిమిదో వంతు, అంటే 10 డిగ్రీలు వెనక్కి తిరిగింది. 90 దగ్గరున్న గుబ్బ 80కి వచ్చింది. సరిగ్గా మూడో సిలిండరు కింద!

ఇలాగే ముందుకి వేసుకుంటూ పోతే 5, 7, 9, 2... తొమ్మిదింటికీ కుదురుతుంది. నేను దీన్ని మొదటిసారి కాగితం మీద గీసుకుని చూసినప్పుడు చాలాసేపు ఆ గీతల్నే చూస్తూ కూర్చున్నాను. ఒక చిన్న రింగు ఇంత పొందిగ్గా పనిచేయగలదని గీసి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు.

ఈ పొందికకి ఒక వెల ఉంది. రింగు ఎనిమిదో వంతు వేగంతో తిరుగుతుంది కాబట్టి, రింగు దగ్గర ఒక్క డిగ్రీ తేడా వస్తే క్రాంకు దగ్గర ఎనిమిది డిగ్రీల తేడా అవుతుంది. రింగుని తిప్పే గేర్ల పళ్లు అరిగి వదులుగా ఉంటే, కంటికి ఆనని ఆ వదులు వాల్వుల టైమింగ్‌ని పాడు చేసేస్తుంది. అందుకే ఆ వదులుని ఒకవైపుకే నెట్టిపెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పుతూ కొలుస్తారు. కొంచెం దాటిపోయామని వెనక్కి ఒక చిటికెడు తిప్పి సరిచేస్తే కొలత చెడినట్టే. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకి రావాలి.

మాగ్నెటోకి ఇంకో వేగం

ఈ ఇంజన్‌లో బ్యాటరీ కాయిల్ ఇగ్నిషన్ లేదు. రెండు మాగ్నెటోలు ఉంటాయి. ప్రతి సిలిండరుకీ రెండు ప్లగ్గులు, మొత్తం 18. ఒక్కో మాగ్నెటో తొమ్మిది ప్లగ్గుల్ని చూసుకుంటుంది. ఒకటి చచ్చినా రెండోదానితో ఇంజన్ నడుస్తుంది. విమానంలో ప్రాణం కాపాడటానికి పెట్టుకున్న ఏర్పాటు ట్యాంకులోకీ వచ్చింది.

మాగ్నెటో అంటే తిరిగే అయస్కాంతం. నాలుగు ధ్రువాలుంటే ఒక చుట్టుకి నాలుగు నిప్పులిస్తుంది. ఇంజన్‌కి కావలసింది రెండు క్రాంకు చుట్లకి తొమ్మిది, అంటే చుట్టుకి నాలుగున్నర. కాబట్టి మాగ్నెటో క్రాంకు కంటే కొంచెం వేగంగా, 4.5ని 4తో భాగించినంత, 1.125 రెట్లు తిరగాలి. 2400 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో మాగ్నెటో సెకనుకి 180 నిప్పులిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. క్రాంకు ఒక వేగం, రింగు దానిలో ఎనిమిదో వంతు వెనక్కి, మాగ్నెటో దానికన్నా ఎనిమిదో వంతు ఎక్కువ వేగం. మూడింటినీ ఒక క్షణం దగ్గర కలిపి బిగించాలి. ఆ క్షణమే ఒకటో సిలిండరు కంప్రెషన్ స్ట్రోకులో నిప్పు పడాల్సిన చోటు.

మాగ్నెటో లోపల కూడా ఒక టైమింగ్ ఉంది. అయస్కాంతం తటస్థ స్థానం దాటి కొన్ని డిగ్రీలు వెళ్లాకే తీగచుట్టలో శక్తి ఎక్కువగా నిలిచి ఉంటుంది. పాయింట్లు సరిగ్గా అక్కడ విడిపోవాలి. అరిగిన పాయింట్లకి ఫీలర్ గేజితో (సందు కొలిచే రేకుతో) గ్యాపు సరిచేసి ఊరుకుంటే, గ్యాపు బాగానే ఉన్నా విడిపోయే చోటు మారిపోయి ఉండొచ్చు. నిప్పు వస్తుంది, కానీ నీరసంగా వస్తుంది. ఇంజన్ బయటి టైమింగ్ ఎంత సరిగ్గా ఉన్నా ఈ లోపం పోదు. అందుకే మాగ్నెటోని బల్ల మీద పెట్టి లోపలి టైమింగ్ తేల్చుకున్నాకే ఇంజన్‌కి బిగించాలి.

తల్లి రాడ్ తెచ్చే చిక్కు

ఇంతవరకు తొమ్మిది సిలిండర్లూ ఒకేలా ప్రవర్తిస్తాయని అనుకున్నాం. నిజానికి కాదు.

క్రాంకుకి ఉన్నది ఒకే పిన్ను. తొమ్మిది కనెక్టింగ్ రాడ్‌లు దాన్నే పట్టుకోలేవు. అందుకని ఒక పెద్ద రాడ్ పిన్నుని పట్టుకుంటుంది. దాన్ని మాస్టర్ రాడ్ అంటారు. మిగతా ఎనిమిదీ దాని తల చుట్టూ చిన్న పిన్నులతో వేలాడతాయి. తల్లి చెయ్యి పట్టుకున్న పిల్లల్లాగ. తల్లి ఎటు ఊగితే పిల్లలూ అటు ఊగుతారు. పెద్ద పిన్ను గీసేది వృత్తమే కానీ, చిన్న పిన్నులు గీసేది కోడిగుడ్డు లాంటి సాగిన వృత్తాలు. దాంతో ఒక్కో పిస్టన్ పైస్థానం చేరే క్షణం మనం కాగితం మీద వేసుకున్న 40 డిగ్రీల గుణిజాల కన్నా కాస్త ముందో వెనకో అవుతుంది.

మాగ్నెటో మాత్రం 80 డిగ్రీలకోసారి కచ్చితంగా నిప్పు వేస్తూ పోతుంది. ఒకటో సిలిండరుకి 25 డిగ్రీలు పెట్టామనుకోండి. రెండు డిగ్రీలు ఆలస్యంగా పైకొచ్చే సిలిండరుకి అదే నిప్పు 27 డిగ్రీలు ముందు పడినట్టు, రెండు డిగ్రీలు ముందే వచ్చేదానికి 23 పడినట్టు.

దీనికి రెండు దారులున్నాయి. కొన్ని రేడియళ్లలో మాగ్నెటో పాయింట్ల క్యామ్‌కి తొమ్మిది గుబ్బలు పెట్టి, వాటి ఎడాల్ని కావాలనే అసమానంగా చెక్కుతారు. ఏ గుబ్బ ఏ సిలిండరుదో నిర్ణయమై ఉంటుంది, ఒకటో దానికి చుక్క గుర్తు ఉంటుంది. ఆ ఏర్పాటు లేనిచోట తయారీదారు తొమ్మిదింటిలో ఏదీ ప్రమాదంలో పడకుండా ఒక రాజీ అంకె ఎంచుకుంటాడు. అందువల్ల మాన్యువల్ ఇచ్చిన అంకెని ‘ఒకటో సిలిండరుకి ఏది మంచిది’ అనే లెక్కతో మార్చకూడదు. ఏ సిలిండరు మీద కొలవమని మాన్యువల్ చెప్పిందో ఆ సిలిండరు మీదే కొలవాలి.

పైస్థానాన్ని పట్టుకోవడం

ఇక అన్నింటికీ ఆధారం పిస్టన్ పైస్థానం. ప్లగ్గు రంధ్రంలోంచి స్క్రూడ్రైవరు దింపి “ఇదిగో, ఇక్కడే పైకొచ్చింది” అనడం బైకు దగ్గర చెల్లుతుందేమో. ఇక్కడ చెల్లదు. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది.

పిస్టన్ ప్రయాణం 139.7 మిల్లీమీటర్లు. రాడ్ పొడుగు 250 మిల్లీమీటర్లని అనుకుందాం. పైస్థానానికి 25 డిగ్రీల ముందు పిస్టన్ సుమారు 8.3 మిల్లీమీటర్లు కింద ఉంటుంది. రెండు డిగ్రీల ముందు ఎంత కింద ఉంటుంది? ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అంటే పైస్థానం చుట్టుపక్కల క్రాంకు తిరుగుతూనే ఉంటుంది, పిస్టన్ దాదాపు కదలదు. కంటికో స్క్రూడ్రైవరుకో ఆగినట్టు కనిపించే చోటు నాలుగైదు డిగ్రీల వెడల్పు ఉంటుంది.

అందుకని పిస్టన్ బాగా కదులుతున్న చోట, రెండు వైపులా పట్టుకుని మధ్యకి వస్తారు. క్రాంకుకి డిగ్రీల పళ్లెం, ఒక స్థిరమైన ముల్లు బిగిస్తారు. ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్‌ని ఒక ఎత్తు దగ్గర ఆపే మేకు పెడతారు. మెల్లగా ఒకవైపు నుంచి తిప్పితే పిస్టన్ మేకుకి తగిలి ఆగింది. ముల్లు సున్నాకి ముందు 31 చూపించింది. రెండోవైపు నుంచి తిప్పితే సున్నా దాటాక 47 దగ్గర ఆగింది. మొత్తం 78, సగం 39. మన సున్నా నిజమైన పైస్థానమే అయితే రెండువైపులా 39 రావాలి. కాబట్టి పళ్లెం ఎనిమిది డిగ్రీలు తప్పు చూపిస్తోంది. దాన్ని ఎనిమిది డిగ్రీలు జరిపి, మళ్లీ రెండువైపులా కొలిచి, 39, 39 వచ్చాకే మేకు తీస్తారు. ఇక్కడ అరడిగ్రీ పొరపాటు మిగిలినా తర్వాత కొలిచే ప్రతిదానిలోనూ అది ఉంటుంది.

తర్వాత పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకులోనే ఉందని నిర్ధారించుకోవాలి. పిస్టన్ రెండు చుట్లలో రెండుసార్లు పైకొస్తుంది, ఒకసారి కంప్రెషన్‌కి, ఒకసారి కాలిన వాయువు నెట్టడానికి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెడితే కంప్రెషన్‌లో గాలి వేలుని నెడుతుంది. ఇంతటి యంత్రానికీ ఇంత తేలికైన పరీక్ష సరిపోవడం నాకు నచ్చుతుంది.

ఇక క్రాంకుని నిర్ణీత డిగ్రీ దగ్గర ఆపి, మాగ్నెటోని పాయింట్లు సరిగ్గా విడిపోయే స్థితిలో పెట్టి బిగిస్తారు. విడిపోయిన క్షణం తెలుసుకోవడానికి ఇప్పుడు చిన్న దీపం ఉన్న పరికరాలు వాడుతున్నారు. పాత పద్ధతి పలుచటి కాగితం: పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఉంటే, విడిపోగానే జారి బయటికొస్తుంది. మన దగ్గర బుల్లెట్ మెకానిక్కులు సిగరెట్ కాగితంతో చేసేది ఇదే పని.

పాతదనం తెచ్చే అబద్ధాలు

ఇంతవరకు చెప్పినదంతా ఇంజన్ భాగాలు నిజం చెబుతున్నాయనుకుని. ఎనభై ఏళ్ల ఇంజన్ అన్నిచోట్లా నిజం చెప్పదు.

మాగ్నెటో తీగచుట్టలు తేమ పీల్చుకుని ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు చక్కటి నిప్పు ఇచ్చి, అరగంట నడిచి వేడెక్కాక తడబడతాయి. చూసేవాళ్లు అది టైమింగ్ లోపమనుకుని టైమింగ్ కదిపేస్తారు, ఉన్నది కూడా పోతుంది. పాయింట్ల దగ్గర రవ్వలు రాకుండా ఆపే కండెన్సరు పాతబడితే పాయింట్లు మాడతాయి, మాడితే గ్యాపు మారుతుంది, గ్యాపు మారితే విడిపోయే క్షణం మారుతుంది. ట్యాపెట్ క్లియరెన్సు (వాల్వుకీ దాన్ని నెట్టే భాగానికీ మధ్య సందు) సరిగ్గా లేకుండా వాల్వు తెరుచుకునే డిగ్రీ కొలిస్తే క్యామ్ రింగు సరిగ్గా ఉన్నా తప్పు ఉన్నట్టే కనబడుతుంది. టైమింగ్ కొలతకోసమే ప్రత్యేకమైన క్లియరెన్సు పెట్టమని చాలా రేడియల్ మాన్యువల్స్ చెప్పేది అందుకే. కొలత అయ్యాక మళ్లీ నడిచేటప్పటి క్లియరెన్సుకి మార్చాలి. గాలితో చల్లబడే ఇంజన్‌లో సిలిండరు వేడికి పొడుగవుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పటి సందు వేడిలో అంతే ఉండదు.

పునరుద్ధరణలో నెలలు పట్టేది కూడా ఇలాంటి వాటితోనే. ఇంజన్ బరువు అర టన్నుకు పైగా. వెనక నుంచి గొలుసులతో బయటికి లాగాలి. విప్పితే కింది సిలిండర్లలో తుప్పు ఎక్కువ ఉంటుంది, నీళ్లూ ఆయిలూ చేరేది అక్కడే కాబట్టి. అల్యూమినియం భాగాల్లో తెల్లటి పొడిలా మారిన చోట్లు ఉంటాయి. ఆయిలు దారుల్లో గట్టిపడిన మడ్డి ఉంటుంది. కొత్త ఆయిలు పోసి స్టార్ట్ చేస్తే ఆ మడ్డి కరిగి నేరుగా బేరింగుల్లోకి పోతుంది. విప్పకుండా స్టార్ట్ చేసి గెలిచినవాళ్లూ ఉన్నారు. ఓడినవాళ్లకి మిగిలేది వంగిన రాడ్, పగిలిన కేసు.

నడపాలా, ఉంచాలా?

ఇక్కడ అభిప్రాయాలు రెండుగా చీలతాయి, రెండింటిలోనూ బలం ఉంది.

ఇంగ్లండులోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉన్న టైగర్ 131 అందరికీ తెలిసిన ఉదాహరణ. 1943 ఏప్రిల్‌లో ట్యునీసియాలో బ్రిటిష్ సైన్యానికి చిక్కిన జర్మన్ ట్యాంకు అది. దానిలో మొదట ఉన్నది మేబాక్ హెచ్‌ఎల్ 210 ఇంజన్. మళ్లీ నడిచే స్థితికి తెచ్చినప్పుడు తర్వాతి కాలపు పెద్ద ఇంజన్, హెచ్‌ఎల్ 230 పెట్టారు. ఇప్పుడు అది నడుస్తుంది, దాని చప్పుడు వినొచ్చు. కానీ వింటున్నది ఆ ట్యాంకు పుట్టినప్పటి ఇంజన్ చప్పుడు కాదు.

నడపాలనేవాళ్ల వాదన: ఆగిపోయిన యంత్రం మెల్లగా ఎలాగూ చస్తుంది. సీళ్లు ఎండిపోతాయి, పిస్టన్ రింగులు పట్టేస్తాయి. పైగా దాన్ని నడపడం తెలిసిన మనుషులూ తగ్గిపోతారు. టైమింగ్ పెట్టే చెయ్యి పుస్తకం చదివి రాదు. ఉంచాలనేవాళ్ల వాదన: ప్రతి నడక కొంత అసలు లోహాన్ని తినేస్తుంది. మార్చిన ప్రతి భాగంతో ఆనాటి తయారీ గురించి ఒక సాక్ష్యం పోతుంది. ఒకే ఒక్కటి మిగిలిన యంత్రమైతే నాకు రెండో వాదనే న్యాయంగా అనిపిస్తుంది. యాభై వేలు తయారైన ఆర్-975 లాంటిదాన్ని నడపకుండా ఉంచడం మాత్రం నష్టమనే అనుకుంటాను.

మాగ్నెటో బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టొచ్చా అన్నది ఇంకో తగాదా. పెడితే స్టార్టింగ్ తేలిక, వేగాన్ని బట్టి డిగ్రీలు మారతాయి, పాయింట్లు అరగవు. కానీ అది చెడితే దారిలో బాగుచేయడం కష్టం. మాగ్నెటోకి బ్యాటరీ కూడా అక్కర్లేదన్న గుణం పోతుంది. తర్వాతి తరం మాస్టర్ రాడ్ చిక్కుని, లోపలి టైమింగ్‌ని నేర్చుకోవాల్సిన అవసరమే లేకుండా పోతుంది. కొందరు మధ్యేమార్గంగా పాత మాగ్నెటో పెంకులోనే కొత్త తీగచుట్టలు, కొత్త కండెన్సరు వేస్తున్నారు.

ఇంధనం సంగతి చాలామంది అనుకున్నంత కష్టం కాదు. ఈ ట్యాంకు ఇంజన్ 80 ఆక్టేన్ పెట్రోలుకే చేసినది, ఇప్పటి బంకు పెట్రోలు అంతకన్నా మెరుగు. చిక్కు ఆక్టేన్‌లో లేదు, ఇథనాల్‌లో ఉంది. మన దేశంలో ఇప్పుడు సాధారణంగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. అది పాత రబ్బరు డయాఫ్రమ్‌లని, గొట్టాల్ని ఉబ్బిస్తుంది, తేమని పీలుస్తుంది, అదే కార్బురేటరు జెట్లకి మిశ్రమాన్ని పలచబరుస్తుంది. పలచటి మిశ్రమం నెమ్మదిగా కాలుతుంది కాబట్టి నిప్పు ఆలస్యమైన లక్షణాలే కనబడతాయి. టైమింగ్ సరిగ్గానే ఉంటుంది, అనుమానం మాత్రం దాని మీదకే పోతుంది. ఖర్చు కూడా తక్కువ కాదు: ఎం4ఏ1 ట్యాంకు సుమారు 660 లీటర్లతో రోడ్డు మీద వెళ్లగలిగేది 190 కిలోమీటర్లు.

స్టార్ట్ చేసిన రోజు

అన్నీ బిగించాక వచ్చే మొదటి పరీక్ష మాగ్నెటోలదే. ఇంజన్ వేడెక్కాక స్థిరమైన వేగం దగ్గర పెట్టి, రెండు మాగ్నెటోల్లో ఒకదాన్ని ఆపుతారు. ఆర్‌పీఎం కొంచెం పడుతుంది. పడాలి కూడా, ఎందుకంటే ఇప్పుడు ప్రతి సిలిండరులోనూ మంట ఒక్క ప్లగ్గు నుంచే పాకుతోంది. మళ్లీ రెండూ పెట్టి, రెండోదాన్ని ఆపి చూస్తారు.

రెండుసార్లూ దాదాపు సమానంగా, మెల్లగా పడితే రెండు మాగ్నెటోలూ ఒకే మాట మీద ఉన్నట్టు. ఒకటి ఆపినప్పుడు 60, ఇంకోటి ఆపినప్పుడు 160 పడిందనుకోండి, ఒంటరిగా మిగిలినప్పుడు ఎక్కువ పడనిచ్చిన మాగ్నెటో ఆలస్యంగా ఉందని అనుమానించాలి. మెల్లగా కాక కుదుపుతో ఒక్కసారిగా పడితే తప్పు టైమింగ్‌ది కాకపోవచ్చు, ఏదో ఒక ప్లగ్గు నిప్పు ఇవ్వట్లేదు. ఒకదాన్ని ఆపినా అసలేమీ పడకపోతే సంతోషించకూడదు. ఆ మాగ్నెటో స్విచ్చి తీగ తెగిపోయి అది ఆగనే లేదన్నమాట. అలాంటప్పుడు స్విచ్చి ఆపి ఉన్నా చేత్తో క్రాంకు తిప్పితే ఇంజన్ పేలగలదు, హ్యాండిల్ మనిషిని విసిరికొట్టగలదు.

ఏ సిలిండరు పనిచేయట్లేదో పట్టడానికి చల్లటి ఇంజన్ని ఒక్క మాగ్నెటో మీద ఒక నిమిషం నడిపి ఆపి, ఎగ్జాస్టు గొట్టాల మీద ఒక్కొక్కదాని మీద నీటి చుక్క వేస్తారు. చుర్రుమన్నవి పనిచేసినవి. ఒకచోట చుక్క అలాగే నిలబడి జారిపోతే, ఆ సిలిండరు ప్లగ్గు విప్పడానికి స్పానర్ తీస్తారు.